మామా, స్క్రమ్ అంటె ఏంది?

మొన్న రాత్రి పది దాటినంక మా అక్క బిడ్డ ఫోన్ చేసింది. బోధన్‌ల బీకామ్ చదివింది. మూడు నెలల కింద నిజామాబాద్‌ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల నౌకరి దొరికింది. కోడ్ రాసే నౌకరి కాదు. రైతుల ఫోన్లు ఎత్తుడు, వాళ్ల ఫిర్యాదులు రాసుకునుడు, బిల్లుల లెక్క చూసుడు. ఆ కంపెనీ ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ కోసం మొబైల్ యాప్ తయారు చేస్తున్నది. చెరుకు రైతుకు కోత పర్మిట్ ఎప్పుడొస్తది, కాంటా మీద ఎన్ని టన్నులు తూగింది, పైసలు ఎప్పుడు పడతయ్, ఇవన్ని ఫోన్‌లనే కనబడాలె.

"మామా, స్క్రమ్ అంటె ఏంది? రేపు పదకొండు గంటలకు స్ప్రింట్ రివ్యూ అంట. బిజినెస్ వాళ్ల తరఫున నువ్వు కూసో అన్నరు. నాకు ఒక్క ముక్క తెల్వది. నోరు తెరిస్తె నవ్వుతరేమో" అన్నది.

ఆ ఆఖరి మాట నన్ను పొడిచింది. రైతు ఇంట్ల పుట్టిన పిల్ల, దినాం యాభై మంది రైతులతోటి మాట్లాడే పిల్ల, రైతు కోసం చేసే యాప్ మీటింగుల నాలుగు ఇంగ్లీషు మాటలకు బుగులు పడి నోరు మూసుకొని కూసోవాలెనా? ఇసొంటోళ్లు మన దిక్కు మస్తుమంది ఉన్నరు. నిజామాబాద్‌ల ఐటీ టవర్ 2023 ఆగస్టుల తెరిచిన్రు. కోడింగ్ వచ్చినోళ్లకే గాదు, అకౌంట్స్‌కు, సపోర్టుకు, ఫీల్డ్ పనికి సుత మన పిల్లలు ఇసొంటి కంపెనీలకు పోతున్నరు. పోయిన మొదటి వారంలనే స్ప్రింట్, బ్యాక్‌లాగ్, స్టాండప్ అని మాటలు మీద పడతయ్. అడిగితె తక్కువ చేస్తరని అడుగరు.

నేను ఇంజనీరును కాదు. కాలేజి సగంల ఇడ్సిపెట్టినోణ్ణి. కరపత్రాలు టైపు చేసుకుంట కంప్యూటర్ నేర్చుకున్న. కని స్క్రమ్ గైడ్ మాత్రం రెండు మూడు సార్లు చదివిన. అది పెద్ద గ్రంథమేం కాదు, పద్నాలుగు పేజీలు కూడ దాటది. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనే ఇద్దరు అమెరికా వాళ్లు 2010ల మొదటిసారి బయటపెట్టిన్రు, 2020ల మళ్ల దిద్దిన్రు. నెట్‌ల ఫ్రీగ ఉంటది. ఆ రాత్రి మా పిల్లకు ఫోన్‌ల చెప్పిన ముచ్చటే జర పెంచి ఇక్కడ రాస్తున్న.

చెరుకు సంగతి నీకు ఎరుకే గద బిడ్డా అన్న. ముచ్చెలు పెట్టిన దినమే ఏ రకమో ఖరారైతది. ఇగ పది పన్నెండు నెలలు నీళ్లు, ఎరువు, కలుపు. ఏడాది పెట్టుబడి మట్టిలనే ఉంటది. లారీ కాంటా మీద ఎక్కిన దినం గాని ఎంత పండిందో తెల్వది. ఆనాడు రకం తప్పు పడ్డదని తెలిసినా చేసేదేమి లేదు. వెనకట సాఫ్ట్‌వేర్ సుత గిట్లనే చేసేటోళ్లు. ఏమేం కావాలెనో ఒక లావు ఫైలు రాసి, దాని మీద సంతకాలు పెట్టి, ఏడాది కోడ్ రాసి, ఆఖరికి తెచ్చి ముంగట పెడితె, వాడెటోడు "నేనడిగింది ఇది కాదు" అనేటోడు. అప్పటికి పైసలు అయిపోయేటియి. ఈ పద్ధతికి వాటర్‌ఫాల్ అని పేరు వడ్డది. నీళ్లు కిందికే పారుతయ్ గని పైకి ఎక్కయ్ గద, గట్లన్నట్టు.

ఇప్పుడు మెంతికూర చూడు. నెల లోపట కోతకొస్తది. ఒక మడి కోసి అంగడికి తీస్కపోతం. గిరాకి ఏమంటున్నదో వింటం. మెంతికి రేటు లేదు, పాలకూర అడుగుతున్నరు అంటె తర్వాతి మడిల పాలకూర ఏస్తం. నష్టం వస్తె ఒక్క మడికే వస్తది, ఏడాది పంటకు కాదు. స్క్రమ్ మెంతికూర ఎవుసం. ఒక్కో మడి ఒక్కో స్ప్రింట్. స్ప్రింట్ అంటె నెలకు మించొద్దు, చాన కంపెనీలల్ల రెండు వారాలు పెట్టుకుంటరు. ఒకటి అయిపోంగనే ఎమ్మటే ఇంకోటి మొదలైతది, నడుమ ఖాళీ ఉండది.

అయితె ఒక షరతు ఉన్నది. మడి కోసినంక చేతిల తినేటి కూర ఉండాలె. మొలకలు చూపెట్టి "తొంభై శాతం అయింది సార్" అంటె స్క్రమ్‌ల చెల్లది. ఎంత చేస్తె పని అయినట్టు లెక్కనో టీమ్ ముందే రాసి పెట్టుకుంటది. దాన్ని డెఫినిషన్ ఆఫ్ డన్ అంటరు. ఆ గీత దాటిన పనే లెక్కల పడతది, దాటనిది వాపసు లిస్టుకు పోతది. ఆఫీసు పనిల ఇది ఎంత పెద్ద మాటనో సర్కారు ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లకు నేను చెప్పే పని లేదు.

ఇగ బ్యాక్‌లాగ్. మన పిల్లలకు బ్యాక్‌లాగ్ అంటె తప్పిన సబ్జెక్టు. మా పిల్ల సుత అదే అనుకున్నది, "వాళ్లకు ఇంకా బ్యాక్‌లాగులు ఎందుకున్నయ్ మామా" అని అడిగింది. నవ్వు ఆగలేదు. ఇక్కడ బ్యాక్‌లాగ్ అంటె చెయ్యాల్సిన పనుల వరుస. ఒక్కో పని ఒక్కో చిట్టీ అనుకో. అన్నిటికన్న అవసరమైన చిట్టీ మీద, తక్కువ అవసరం ఉన్నది కింద. ఈ వరుస రాయి మీద చెక్కింది కాదు, కొత్త సంగతి తెలిసినప్పుడల్లా మారుతది.

ఆ వరుస పెట్టేటోడు ప్రోడక్ట్ ఓనర్. ఓనర్ అంటె కంపెనీ మాలిక్ అని కాదు. ఏ పని ముందు, ఏ పని ఎనుక అని తేల్చే జిమ్మేదారి ఉన్న ఒక్క మనిషి. ఒక్కడే ఎందుకంటె, నలుగురు పెద్దమనుషులు కూసున్న కాడ ఏమైతదో మనకు ఎరుకే. నా పని ముందు అంటె నా పని ముందు అని పంచాయితి పొద్దుమీకినా తెగది. ఎవరికి ఏం కావాలన్నా ఆ ఒక్కని కాడికి పోయి ఒప్పియ్యాలె. కోడ్ రాసే పిల్లగాని చెవుల ఊది "నాది జర చూడు తమ్మీ" అనుడు కుదరదు. ఇది కోడ్ రాయని వాళ్లు ముఖ్యంగ నేర్చుకోవాల్సిన సంగతి. స్ప్రింట్ నడుమల పెట్టుకున్న లక్ష్యం చెడిపోయేటట్టు పని మార్చొద్దు. ఆగలేని అర్జెంటు వస్తె ప్రోడక్ట్ ఓనర్‌తోటే మాట్లాడాలె. ఆ లక్ష్యానికే అర్థం లేకుంట పోయిందనుకుంటె, స్ప్రింట్‌ను రద్దు చేసే అధికారం సుత ఆయనకే ఉంటది.

స్క్రమ్ మాస్టర్ అనే పేరు వినంగనే మనోళ్లకు మేస్త్రి యాదికొస్తడు. చెరుకు నరికే గ్యాంగుకు మేస్త్రి ఉంటడు. అడ్వాన్సు తీసుకుంటడు, తలకాయలు లెక్క పెడతడు, గదమాయిస్తడు. స్క్రమ్ మాస్టర్ అది కాదు. ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్లు లైను కట్టి ఆగినయ్ అనుకో. "ఎందుకు లేటు" అని డ్రైవర్ల మీద ఒర్రేటోడు మేస్త్రి. గేటు దాక నడిచిపోయి ఏం అడ్డం పడ్డదో చూసి తీపిచ్చేటోడు స్క్రమ్ మాస్టర్. పద్ధతి మంచిగ నడిచేటట్టు చూసుడు, టీమ్‌కు అడ్డమొచ్చినవి తొలగిచ్చుడు, బయటోళ్లకు పద్ధతి సమజ్ చేసుడు ఆయన పని. మా పిల్లకు ఆ రాత్రి నేను చెప్పిన ముచ్చట చెప్పాల్సింది అసలుకు వాళ్ల స్క్రమ్ మాస్టర్. చెప్పలేదంటె ఆయన పని కొంచెం బాకీ ఉన్నట్టే.

మిగిలింది పని చేసేటోళ్లు. గైడ్‌ల వీళ్లను డెవలపర్లు అన్నరు. ముగ్గురు రకాల మనుషులు కలిసి పది మందికి మించని చిన్న టీమ్. స్ప్రింట్ మొదలయ్యే దినం ప్లానింగ్ మీటింగ్ ఉంటది. ఈ స్ప్రింట్ ఎందుకోసం అనేది అందరు కలిసి తేల్చుకుంటరు. దాన్ని స్ప్రింట్ గోల్ అంటరు. అయితె ఎన్ని చిట్టీలు ఎత్తుకోగలుగుతరో చెప్పేది పని చేసేటోళ్లే. ఎడ్లబండి ఎంత మోస్తదో బండి తోలేటోడే చెప్పాలె, ఒడ్డు మీద కూసున్న ఆసామి కాదు.

ఈ కాడనే కంపెనీలల్ల అసలు కథ తప్పుతది. టీమ్ పది చిట్టీలు అంటె, పై నుంచి పదిహేను ఎక్కిస్తరు. రెండు వారాలకు పది అయితె, మిగిలిన అయిదు అప్పు లెక్క మీద పెట్టి అడుగుతరు. "నువ్వు కమిట్ అయినవ్ గద" అంటరు. తమ్ముళ్లు ఈ మాట యాది పెట్టుకోండ్రి: స్క్రమ్ గైడ్‌ల సుత ఒకప్పుడు స్ప్రింట్ పనులకు కమిట్‌మెంట్ అనే మాటనే ఉండె. 2011ల దాన్ని తీసేసి ఫోర్‌కాస్ట్ అని మార్చిన్రు. ఫోర్‌కాస్ట్ అంటె అంచనా, వాన పడ్తదని చెప్పినట్టు. స్ప్రింట్ గోల్‌కు టీమ్ మాట ఇస్తది, నిజమే. కని చిట్టీల లిస్టు మీద ఒట్టు పెట్టది. రాత్రి పన్నెండు దాక కూసోబెట్టి "ఇది స్క్రమ్" అనేటోళ్లకు ఆ గైడ్ పేజీ తీసి చూపెట్టొచ్చు.

దినాం పొద్దుగాల జరిగేది డైలీ స్క్రమ్. పావుగంట. నిలబడి మాట్లాడుకుంటరని దాన్ని స్టాండప్ అని సుత అంటరు, నిలబడాలె అని గైడ్‌ల మాత్రం ఎక్కడ లేదు. మా నాయిన శక్కర్‌నగర్‌ల సీజన్ పనికి పోయేటోడు. సైరన్ కూసిందంటె మా అమ్మ గిన్నె సర్దేది, ఆ సైరనే ఊరి గడియారం. చాన ఆఫీసులల్ల డైలీ స్క్రమ్‌ను ఆ సైరన్ లెక్క చేసిన్రు. మేనేజరు నడుమల నిలబడతడు, ఒక్కొక్కరు "నిన్న ఇది చేసిన, ఇయ్యాల ఇది చేస్త, అడ్డం ఏం లేదు సార్" అని ఒప్పజెప్తరు. హాజరు పిలిచినట్టే. నిజానికి ఈ పావుగంట పని చేసేటోళ్లు ఒకరితోటి ఒకరు మాట్లాడుకునే యాళ్ల. మన లక్ష్యం దిక్కు పోతున్నమా, ఇయ్యాల ఏం మార్చుకోవాలె, అంతే. మూడు ప్రశ్నల పద్ధతి పాత గైడ్‌ల ఉండె, 2020ల ఆ ప్రశ్నలను తీసేసిన్రు. ఎందుకు తీసిన్రో నాకైతె సమజైతది, అది పాఠం ఒప్పజెప్పుడు లెక్క అయిపోయింది. కోడ్ రాయని మీరు ఆ మీటింగుల ఉంటె ఊకె వినుండ్రి. నా పని ఏమైంది అని అక్కడ పంచాయితి పెట్టకుండ్రి.

మీరు మాట్లాడే జాగ వేరే ఉన్నది. అదే స్ప్రింట్ రివ్యూ. మా పిల్లను పిలిచింది దానికే. మడి కోసినంక కూర తెచ్చి ముంగట పెట్టే దినం. చాన మంది దీన్ని సినిమా ట్రైలర్ లెక్క చూపెట్టి చప్పట్లు కొట్టించుకొని లేస్తరు. గైడ్ చెప్పేది అది కాదు, కూసొని పని చేసే మీటింగ్ అని. చూసి, వాడి చూసి, ఏం మారాలె అని ఇద్దరు దిక్కులోళ్లు తేల్చుకోవాలె. దాన్ని బట్టి చిట్టీల వరుస మారాలె. ఇక్కడ కోడ్ తెల్వకపోవుడు తప్పు కాదు, రైతు తెల్వకపోవుడు తప్పు.

"రేపు వాళ్లు ఏదన్న చూపెడితె, నీకు ఫోన్ చేసే రైతుల ఒక్కణ్ణి కండ్ల ముంగట పెట్టుకో. ఆయన చేతిల ఫోన్ పెడితె ఏమైతదో అది చెప్పు. ఇంగ్లీషు అక్కర్లేదు" అన్న. ఫోన్ పెట్టేసింది.

తెల్లారి ఒంటిగంటకు మళ్ల ఫోన్ వచ్చింది, ఈసారి గొంతు వేరే ఉన్నది. వాళ్లు లాగిన్ పేజీ చూపెట్టిన్రట. మంచిగ ఆకుపచ్చ రంగు, చెరుకు గడ బొమ్మ. నంబర్ కొడితె ఓటీపీ వస్తది, ఓటీపీ కొడితె లోపటికి పోతం. అందరు బాగుంది అన్నరట. మా పిల్ల చెయ్యి ఎత్తి, "సార్, మా రిజిస్టరుల రైతు పేరు ముంగట ఉన్న ఫోన్ నంబర్లు సగం కొడుకులవి. కొడుకు దుబాయిల ఉంటడు. ఓటీపీ దుబాయికి పోతది, నాయిన ఇక్కడ చెరుకు కాడ ఉంటడు" అన్నదట.

మీటింగుల ఎవరు మాట్లాడలేదట కొంచెం సేపు.

మన జిల్లాల ఇంటికొకరు గల్ఫ్‌ల ఉన్న ఊర్లు ఎన్ని ఉన్నయో మనకు ఎరుకే. రైతు ఫోన్ బటన్ల ఫోన్, నంబరు రాయించింది కొడుకుది. ఈ సంగతి ఆ రూముల ఉన్న ఇంజనీర్లకు తెల్వది, తెలువాలె అని నేను అనను. అది తెలిసిన మనిషి ఆ కుర్చీల ఉండాలె, ఉండి నోరు తెరువాలె. రెండు వారాల కాడ ఈ తప్పు దొరికింది కాబట్టి రెండు వారాల పనే దిద్దుకున్నరు. చెరుకు ఎవుసం లెక్క చేసి ఉంటె, క్రషింగ్ సీజన్ మొదలైనంక, నరికిన చెరుకు గట్టు మీద ఎండుకుంట ఉన్నప్పుడు దొరికేది. నరికిన చెరుకు దినం ఆగితె బరువు తగ్గుతది, చక్కెర తగ్గుతది. ఆ నష్టం కంపెనీది కాదు, రైతుది.

ప్రోడక్ట్ ఓనర్ అక్కడనే రెండు చిట్టీలు కొత్తగ రాసిండట. ఒకటి, ఓటీపీ బదులు రైతు కోడ్ నంబరుతోటి చూసుకునేటట్టు చేసుడు. రెండోది, పర్మిట్ వచ్చిన దినం తెలుగుల మాట్లాడే ఫోన్ కాల్ పోయేటట్టు చేసుడు. రెండూ మీదికి ఎక్కినయ్. గడ బొమ్మకు రంగులు మార్చే చిట్టీ కిందికి పోయింది.

రివ్యూ అయినంక టీమ్ వాళ్లు వాళ్లే కూసొని ఇంకో మీటింగ్ పెట్టుకుంటరు, రెట్రోస్పెక్టివ్. ఏం చేసినం అని కాదు, ఎట్ల చేసినం అని. అక్కడ నిజం మాట్లాడితె నౌకరి పోతది అనే బుగులు ఉంటె ఆ మీటింగ్ చాయ్ బిస్కెట్ల ఖర్చే.

ఈ పేరు ఎక్కడికెల్లి వచ్చింది అంటె రగ్బీ ఆటల నుంచి. రెండు దిక్కులోళ్లు భుజాలు కలిపి, తలలు వంచి, ఒక్కటై నూకుతరు, దాన్ని స్క్రమ్ అంటరు. మనకు కబడ్డీల చేతులు పట్టుకొని గొలుసు కట్టుడు ఎట్లనో గట్ల. 1986ల తకెయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు హార్వర్డ్ బిజినెస్ రివ్యూల ఒక వ్యాసం రాసిన్రు. హోండా, కెనాన్ అసొంటి కంపెనీలల్ల కొత్త వస్తువులు చేసే టీమ్‌లు రిలే పరుగు లెక్క ఒకని చేతికెల్లి ఇంకొకని చేతికి కాదు, రగ్బీ లెక్క అందరు కలిసి ముంగటికి పోతున్నరు అని వాళ్లు చూసిన్రు. అంటె ఈ ఆలోచన మొలిచింది సాఫ్ట్‌వేర్‌ల కాదు, కార్లు, కెమెరాలు చేసే ఫ్యాక్టరీలల్ల. ష్వేబర్, సదర్లాండ్ దాన్ని సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు మలిచి 1995ల ఒక సదస్సుల చెప్పిన్రు. 2001ల అమెరికాల యూటా మంచు కొండల్ల పదిహేడు మంది కూసొని ఎజైల్ మ్యానిఫెస్టో రాసినప్పుడు ఈ ఇద్దరు సుత అండ్ల ఉన్నరు.

అన్ని పనులకు స్క్రమ్ పెట్టుమని నేను చెప్పను. చెరుకు గానుగ ఆడుడు, నెలకు జీతాలు ఏసుడు అసొంటివి రోజు ఒక్కతీరుగ జరిగే పనులు. వాటికి స్ప్రింట్‌లు పెట్టుడు తలకాయ నొప్పి. ఏం కావాలెనో ముందుగాల పూర్తిగ తెల్వని పనికే ఇది. ఇంకోటి, దీని పేరు మీద కోర్సులు అమ్మే దుకాణాలు అమీర్‌పేటల నిండ ఉన్నయ్. అప్పు చేసి పోకుండ్రి. సర్టిఫికెట్లల్ల కొన్నిటికి కోర్సు చెయ్యాలె అనే షరతు ఉన్నది, సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్ అసొంటిది. ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్ అసొంటి వాటికి కోర్సు లేకుంట నేరుగ పరీక్ష రాయొచ్చు. ముందు ఆ ఫ్రీ గైడ్ చదువుండ్రి.

బోధన్ ముచ్చట వచ్చింది కాబట్టి ఒక్క మాట. నిజాం షుగర్స్ 1937ల పుట్టింది. 2002ల 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల లేఆఫ్ అన్నరు, పొగ గొట్టం ఆగింది. యాప్‌తోటి ఫ్యాక్టరీ నడువదు, స్క్రమ్ పెడితె మూతపడ్డ గేటు తెరుచుకోదు, అంత అమాయకం మాట నేను చెప్పను. కని నెలకోసారి రైతును, కార్మికుణ్ణి ఎదురుంగ కూసోబెట్టి, "ఇగో ఇంత చేసినం, మీరేమంటరు" అని అడిగే కుర్చీ ఒకటి ఉంటె ఎట్లుండునో అని మా పిల్ల ముచ్చట విన్నంక మల్ల మల్ల అనిపిస్తున్నది.

నిన్న మళ్ల ఫోన్ చేసింది. రెండో రివ్యూల ఇంకో మాట అడిగిందట. "పర్మిట్ పట్టాదారు పేరు మీద కనబడుతున్నది. చెరుకు పండించిన కౌలు రైతు పేరు ఏ పేజీల ఉన్నది సార్?" అది యాప్ సంగతి కాదమ్మా, ఫ్యాక్టరీ అగ్రిమెంట్ సంగతి అన్నరట. అయినా చిట్టీ రాయుమని పట్టుబట్టింది. రాసిన్రు. లిస్టుల పద్నాలుగో నంబరు. వచ్చే రివ్యూ రెండు వారాలకు ఉన్నది, అది ఎన్నో నంబరుకు వచ్చిందో అడుగుత మామా అన్నది.